ఎక్స్‌టెన్షన్ బాక్స్ విప్పి కొత్త వైరు వేద్దాం

పట్టిసీమ నుంచి మాట్లాడుతున్నాను. ఫోన్ ఛార్జింగ్‌కి మనమంతా వాడే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి ఇవాళ కొత్త వైరు వేద్దాం.

ముందు ప్లగ్గు గోడ సాకెట్లోంచి పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. ఆ స్విచ్ న్యూట్రల్ మీద ఉంటే, ఆపినా లోపల కరెంటు ఉంటుంది.

స్క్రూలు తీశాక ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఇదిగో, ఇక్కడ మాడింది చూశారా? స్క్రూ లూజైతే వేడి పుడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. మాడిన సాకెట్ మార్చేయాల్సిందే.

పాత వైర్లలో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. కొత్తవాటిలో గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, పసుపు-ఆకుపచ్చ చారలది ఎర్త్. వెనక నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి, అందుకే ఎల్, ఎన్, ఈ అక్షరాలు చూసి బిగించండి. ఫేజ్ స్విచ్ మీదుగానే వెళ్లాలి.

చాలామంది రెండు కోర్ల వైరు వేసి ఎర్త్ వదిలేస్తారు. బాక్స్ పనిచేస్తుంది. కానీ ఇస్త్రీపెట్టె బాడీకి కరెంటొచ్చిన రోజు, అది పోయే దారి ముట్టుకున్న అమ్మే అవుతుంది. మూడు కోర్ల వైరే కొనండి.

6 ఆంప్స్ బాక్స్ అంటే 230 వోల్టుల దగ్గర 1380 వాట్లే. 1500 వాట్ల హీటర్ పెట్టొద్దు. మన ఎత్తిపోతల్లోని 24 పంపులకైనా, ఈ బాక్స్‌కైనా సూత్రం ఒకటే: లోడుకి తగ్గ వైరు.

వరదనీళ్లలో తడిసిన బాక్స్ ఆరినా వాడకండి. అనుమానముంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఉంటాను ఫ్రెండ్స్!