పరభాషా ప్రాంతంలో వైద్య ఉపన్యాసం: ముందస్తు ఏర్పాట్లు

ఈ పాఠం చదివిన తర్వాత, తన భాష తెలియని చోట వైద్యసేవ చేసే వ్యక్తి ఒక ఉపన్యాస సభకు ఎలా సిద్ధపడాలో మీరు వివరించగలుగుతారు.

జంషెడ్‌పూర్‌లో ఉంటున్న మీకు భాషల సంగతి కొత్త కాదు. ఉక్కు కర్మాగారంలో పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇంట్లో తెలుగు, బజారులో హిందీ మాట్లాడతాయి. పక్కవీధిలో బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో వినిపిస్తాయి. విదేశానికి వెళ్ళిన వైద్యుడికి ఎదురయ్యేదీ ఇదే, కాకపోతే అక్కడ ఆయనకు బజారు భాష కూడా రాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 1938లో జపాన్ దాడిని ఎదుర్కొంటున్న చైనాకు భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు వైద్యులను పంపింది. వారిలో షోలాపూర్‌కు చెందిన ద్వారకానాథ్ కోట్నిస్ ఒకరు. ఆయన చైనా భాష నేర్చుకున్నారు. చికిత్స చేస్తూనే అక్కడి వైద్య విద్యార్థులకు ఆ భాషలో పాఠాలు చెప్పారు. 1941లో బెత్యూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి అధిపతి అయ్యారు. 1942 డిసెంబరు 9న మరణించేనాటికి ఆయన వయస్సు 32 ఏళ్ళే. అక్కడ చికిత్స చేయడానికి ఆయన ఒక్కరే, ఆయన దగ్గర నేర్చుకున్నవారు ఎందరో. బోధన కూడా వైద్యసేవలో భాగమే అనడం ఇందుకే.

అందరికీ భాష నేర్చుకునే వ్యవధి ఉండదు. అప్పుడు అనువాదకుడు తప్పనిసరి.

విషయం, సమయం

"అతిసార వ్యాధి" అని శీర్షిక పెడితే ఎవరూ రారు. "పిల్లలకు నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో ఏం చేయాలి?" అంటే తల్లులు వస్తారు. అనువాదం ఉన్నప్పుడు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. కాబట్టి 40 నిమిషాల సభలో వక్త వంతు 20 నిమిషాలే. (ఈ లెక్క వక్తలు తరచుగా మరచిపోతారు.) స్థానిక ఆరోగ్యాధికారి అనుమతి ముందే తీసుకోవాలి. శ్రోతల పనివేళలూ కనుక్కోవాలి. మన ఊళ్ళో షిఫ్టు చూడకుండా సభ పెడితే ఏమవుతుందో మీకు తెలుసు.

అనువాదకునితో ముందుగా కూర్చోవడం

అన్నిటికంటే ముఖ్యమైన ఏర్పాటు ఇది. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ దొరికితే అదే వాడాలి. దొరకనప్పుడు ఒక లీటరు శుభ్రమైన నీటిలో 6 చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలపాలి. చెంచాలను అంచుకు సమంగా నింపాలి. వక్త మనసులో ఉన్నది టీ చెంచా. అనువాదంలో "చిన్న" అనే మాట జారిపోతే, తల్లి పెద్ద చెంచాతో కొలవవచ్చు. పెద్ద చెంచాలో మూడు చిన్న చెంచాలు పడతాయి. ఉప్పు మూడింతలైతే బిడ్డ ప్రాణానికే ముప్పు.

అందువల్ల చెంచాను, లీటరు సీసాను సభకు తీసుకువెళ్ళి చూపాలి. శ్రోతలలో ఒకరిచేత కలిపించాలి. అంతకుముందే అనువాదకుడు చెప్పిన దానిని మరొకరిచేత తిరిగి వక్త భాషలో చెప్పించుకోవాలి. మలంలో రక్తం కనిపించినా, బిడ్డ నీళ్ళు తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలన్న మాటను కూడా ఇలాగే పరీక్షించాలి.

చేసి చూడండి

ద్రావణం తయారుచేసే పద్ధతిని తెలుగులో నాలుగు వాక్యాలుగా రాయండి. ఒక మిత్రుని వాటిని హిందీలో చెప్పమనండి. అది విన్న మరొకరిని తిరిగి తెలుగులో చెప్పమనండి. ఏ మాట మారింది? ఏ కొలత జారిపోయింది? మీ నోటుపుస్తకంలో రాసుకోండి.