జీతాల లెక్క చెరగకుండా

మన సరిహద్దు పల్లెల నుండి బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడకు వెళ్లి పనిచేసే యువకుల హాజరు, జీతాల లెక్కలు నేడు చాలాచోట్ల కంప్యూటర్ డేటాబేస్‌లోనే ఉంటున్నాయి. నెలాఖరు నివేదిక కోసం ప్రోగ్రామర్ ఎస్‌క్యూఎల్ భాషలో నేరుగా ప్రశ్న రాస్తాడు. తెరపై టైపు చేసిన పేరును ఆ ప్రశ్నలో యథాతథంగా అతికిస్తే, పేరు స్థానంలో ఎవరైనా ఆజ్ఞను చొప్పించగలరు. అందరి జీతాలూ బయటపడవచ్చు, లెక్కలే చెరిగిపోవచ్చు. ఈ ప్రమాదాన్ని 'ఫ్రాక్' అనే ఎలక్ట్రానిక్ పత్రిక 1998లోనే వివరించింది.

నివారణ కష్టమేమీ కాదు. ప్రశ్నలో పేరుకు బదులు ఒక గుర్తు ఉంచి, పేరును విడిగా పంపాలి. అప్పుడు అక్కడ ఏమి రాసినా డేటాబేస్ దానిని పేరుగానే స్వీకరిస్తుంది, ఆజ్ఞగా కాదు. నివేదికల ఖాతాకు చదివే హక్కు మాత్రమే ఇస్తే, పొరపాటు జరిగినా లెక్కలు చెరగవు. కంప్యూటర్ విద్య నేర్చే మన పిల్లలు ఈ పాఠాన్ని మొదటే నేర్వాలి. ఒక్క వరుస చెరిగితే ఊళ్లో ఒక ఇంటి నెల జీతం చిక్కుల్లో పడుతుంది.