నిమ్మరసం బేరంలో ఆమ్ల శాతం లెక్క

మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో దిగే నిమ్మకాయకు ధర కట్టేది సైజు, నిగారింపు, తోలు చూసి. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి దూరప్రాంతాలకు ఎగుమతి అయ్యే పచ్చి సరకుకు ఈ పద్ధతి సరిపోతుంది. కాని వర్షాకాలంలో కాయ ముమ్మరంగా దిగి ధర పడిపోయినప్పుడు సన్నకాయ, పండుకాయ రసం యూనిట్లకు, పచ్చళ్ళ తయారీదారులకు మళ్ళుతాయి. అక్కడ గిరాకీ సైజుకు లేదు, రసంలోని పులుపుకే ఉంది.

ఆ పులుపుకు ముఖ్య కారణం సిట్రిక్ ఆమ్లం. కిరాణా దుకాణాల్లో నిమ్మ ఉప్పు పేరుతో అమ్మేది ఇదే. నిమ్మరసంలో ఇది సాధారణంగా 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. ఉదాహరణకు ఒక లాటు 100 కిలోలకు 35 కిలోల రసం, రసంలో 7 శాతం ఆమ్లం ఇచ్చిందనుకుందాం. మరొక లాటు 42 కిలోల రసం ఇచ్చినా ఆమ్లం 5.5 శాతమే. మొదటి దానిలో వచ్చే ఆమ్లం 2.45 కిలోలు, రెండవ దానిలో 2.31 కిలోలు. రసం ఎక్కువ దిగిన లాటులోనే అసలు సరకు తక్కువ. శాతం తెలియకుండా బేరం కుదుర్చుకుంటే రైతో, వర్తకుడో ఎవరో ఒకరు నష్టపోక తప్పదు.

నాలుకతో ఈ శాతం తేలదు. పి.హెచ్. కాగితంతోనూ తేలదు. సిట్రిక్ ఆమ్లం బలహీన ఆమ్లాల జాతికి చెందినది. నీటిలో దాని అణువులలో కొద్ది భాగమే హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. మిగిలినది విడివడకుండా ఉండిపోతుంది. పి.హెచ్. కాగితం అంగట్లో పరచిన సరకును మాత్రమే చూపుతుంది. గోదాములోని నిల్వ దానికి అందదు. రసానికి సమానంగా నీళ్ళు కలిపితే ఆమ్లం సగానికి పడిపోతుంది. అయినా పి.హెచ్. సుమారు 0.15కు మించి మారదు. ఈ తేడా మామూలు కాగితం మీద కంటికి ఆనదు.

నిల్వతో సహా మొత్తం ఆమ్లాన్ని లెక్కించే పద్ధతి టైట్రేషన్. లీటరుకు 4 గ్రాముల కాస్టిక్ సోడా ఉండే ద్రావణాన్ని బ్యూరెట్‌లో పోస్తారు. వడకట్టిన రసం 10 మి.లీ. తీసుకుని నీటితో 100 మి.లీ. చేసి, అందులో 10 మి.లీ. ఫ్లాస్కులోకి తీసి, రెండు మూడు చుక్కల ఫినాల్ఫ్తలీన్ వేస్తారు. బ్యూరెట్ నుంచి సోడాను చుక్క చుక్కగా వదులుతూ ఫ్లాస్కును కదుపుతారు. సోడా చేరిన కొద్దీ విడివడిన ఆమ్లం ఖర్చవుతుంది, నిల్వలో ఉన్నది విడివడుతూ వస్తుంది. మొత్తం తీరిపోయాక లేత గులాబి రంగు వచ్చి అర నిమిషం నిలుస్తుంది. అప్పుడు ఖర్చయిన సోడా ఎన్ని మి.లీ. అయితే, దానిని 0.64తో హెచ్చిస్తే 100 మి.లీ. రసంలోని ఆమ్లం గ్రాములలో వస్తుంది. 10 మి.లీ. ఖర్చయితే 6.4 గ్రాములు. ఇక్కడ 1 మి.లీ. తేడా 200 లీటర్ల డ్రమ్ము దగ్గరకు వచ్చేసరికి 1.28 కిలోల ఆమ్లం అవుతుంది.

పరీక్షలో పొరపాట్లకు అవకాశం ఉంది. కాస్టిక్ సోడా గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. కనుక దాని బలాన్ని ఆగ్జాలిక్ ఆమ్లంతో సరిచూసుకోవాలి. ఫినాల్ఫ్తలీన్‌కు బదులు మిథైల్ ఆరెంజ్ వాడితే, ఆమ్లం ఇంకా మిగిలి ఉండగానే రంగు మారి శాతం తక్కువ చూపుతుంది. అది అమ్మేవారికి నష్టం. నమూనా కూడా పై బస్తా నుంచే కాక లాటులోని అన్ని వైపుల నుంచి తీయాలి.

ఆమ్ల శాతం మీద బేరం కొత్తదేమీ కాదు. నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని మొదట స్ఫటికాలుగా తీసినవాడు స్వీడన్ రసాయనవేత్త షీలే, 1784లో. తరువాతి శతాబ్దంలో ఇటలీలోని సిసిలీ దీవి నుంచి మరిగించి చిక్కబరచిన నిమ్మరసాన్ని ఆమ్లం లెక్కనే అమ్మేవారు. ఆ తరువాత చక్కెర ద్రావణంపై బూజు పెంచి ఈ ఆమ్లాన్ని తీసే పరిశ్రమ మొదలైంది. నేడు బజారులో దొరికే నిమ్మ ఉప్పు ప్రధానంగా ఈ కోవకు చెందినదే.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. టైట్రేషన్ ఆమ్లం ఎంత ఉందో చెబుతుంది. అది కాయ నుంచి వచ్చిందో, పొట్లం నుంచి వచ్చిందో చెప్పదు. నీళ్ళు కలిపిన రసంలో నిమ్మ ఉప్పు వేస్తే శాతం సరిగానే కనిపిస్తుంది. అలాంటి అనుమానం ఉంటే ప్రయోగశాలలో వేరే పరీక్షలు చేయించుకోవాలి.

వేరుశనగ నూనె వర్తకులకు ఈ లెక్క పరిచయమే. నూనెలో ఎఫ్.ఎఫ్.ఎ. తేల్చేది కూడా ఆల్కహాలులో నూనెను కలిపి చేసే టైట్రేషన్‌తోనే. అక్కడ శాతం పెరిగితే ధర తగ్గుతుంది, నిమ్మరసంలో శాతం పెరిగితే సరకు విలువ పెరుగుతుంది. ఏ శాతం మీద ధర, అంతకు మించితే ఎంత హెచ్చు, తగ్గితే ఎంత కోత అన్నది సరకు ఎత్తకముందే ఇరుపక్షాలు రాసుకుంటే తరువాత తగవులకు తావుండదు.