పికప్పు బండి డీజిలు పంపు: ఇంటికడ మార్చుకొను విధము

ఎడ్లబండి యిరుసు విరిగినచో ఊరి వడ్రంగి దానిని నాటి సాయంకాలమునకే చక్కజేసి యిచ్చెడివాడు. నేడు భావనపాడు, సంతబొమ్మాళి ప్రాంతములందు ధాన్యపు బస్తాలను, కొబ్బరికాయలను, జీడిగింజలను, చేపలను టెక్కలికిని అంతకు దూరపు బజారులకును జేర్చునది పికప్పు బండి. ధాన్యము ఒకనాడు ఆలస్యమైనను చెడదు గాని, మంచుగడ్డ కరగిన చేపల పెట్టె ఒక పూటయైనను ఆగదు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు నేలకొరిగి, దారులు మూసికొనిపోయినవి. అట్టి దినములలో పట్టణమునుండి మెకానిక్కు వచ్చి బండి బాగుచేయునని కూర్చుండుట వృథా. కావున బండి గల ప్రతి సభ్యుడును కొంతపని తానే యెరిగియుండుట మేలు.

డీజిలు పంపు మార్చుట అట్టి పనులలో నొకటి. ఇది రెండుగంటల పని. అయితే చెడినది పంపేనా యని ముందుగా నిశ్చయించుకొనుటయే యిందు ముఖ్యము. ఫిల్టరులో నీరు చేరిన బండికి క్రొత్త పంపు కొని బిగించినను అది నడువదు. సొమ్ము మాత్రము పోవును.

బండిలోని రెండు పంపులు

పాతరకపు డీజిలు బండిలో రెండు పంపులుండును. మొదటిది చిన్నది. అది టాంకీనుండి డీజిలును పీల్చి, ఫిల్టరు ద్వారా పెద్ద పంపునకు అందించును. దీనిని ఫీడు పంపు అందురు. దీని ఒత్తిడి చాల తక్కువ. రెండవది ఇంజక్షను పంపు. ఇది డీజిలును మిక్కిలి ఒత్తిడితో నాజిళ్లకు పంపును. జర్మనీదేశమున రాబర్టు బాష్ కంపెనీవారు ఈ ఇంజక్షను పంపులను 1927వ సంవత్సరము మొదలు పెద్దయెత్తున తయారుచేయసాగిరి. మనదేశమున 1951లో స్థాపింపబడిన మైకో కంపెనీ బెంగుళూరులో వీనిని చేసినది. పాతబండ్ల పంపులపై ఆ పేరు కనబడును.

ఇంటివద్ద మార్చదగినది ఫీడు పంపు మాత్రమే. ఇంజక్షను పంపును విప్పినచో దాని కాలము తప్పును; దానిని సరిచేయుటకు ప్రత్యేక యంత్రములు గల పనివాడు కావలయును.

నేరము పంపుదేనా?

ఉదయమున ఇంజను సులభముగా అందుకొనకుండుట, బరువుతో మిట్ట యెక్కునప్పుడు బలము తగ్గుట, చేతిపంపు కొట్టిన పిదప కొంతసేపు నడిచి మరల ఆగిపోవుట – ఇవి డీజిలు సరిగా అందకపోవుటకు గురుతులు. అయితే వీనికి కారణములు పెక్కు. ఈ క్రింది వరుసలో పరీక్షింపవలెను.

1. టాంకీ మూత వదులుచేయుడు. బుస్సుమని గాలి లోనికి పోయి, ఆపై ఇంజను చక్కగా నడిచినచో, మూతకు గల గాలిరంధ్రము పూడియున్నదని తెలియును.

2. ఫిల్టరు అడుగున నుండు మరను విప్పి, కొంత డీజిలును గాజుసీసాలో పట్టుడు. లీటరు నీరు 1000 గ్రాములు తూగగా లీటరు డీజిలు ఇంచుమించు 830 గ్రాములు మాత్రమే తూగును. అందుచే నీరున్నచో సీసా అడుగున వేరుగా నిలుచును. వానకాలమందు సగము ఖాళీగా నున్న టాంకీలో తేమ రాత్రివేళ నీరుగా మారును. సాయంకాలమే టాంకీ నింపుట దీనికి విరుగుడు.

3. ఫీడు పంపునకు ముందున్న తీగె జల్లెడను కడుగుడు. ఫిల్టరు కాలము తీరినదైనచో మార్చుడు.

4. శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, క్రొత్త రబ్బరు గొట్టముతో నేరుగా ఫీడు పంపునకు అందించి, నిలిచిన చోటనే ఇంజను నడిపి చూడుడు. డబ్బాను పొగగొట్టమునకు దూరముగా నుంచవలెను. ఇంజను నిలుకడగా నడిచినచో నేరము టాంకీది గాని గొట్టముది గాని, పంపుది కాదు.

5. ఇవన్నియు చూచినను దోషము తీరనిచో పంపునుండి బయలుదేరు గొట్టమును విప్పి, దాని మూతిక్రింద సీసానుంచి, ఒకరు పదిసెకండ్లు మించకుండ సెల్ఫు కొట్టవలెను. డీజిలు బలముగా ఆగి యాగి పడవలెను. నీరసముగా కారినచో, లేక చేతిపంపు బరువు తెలియక తేలికగా ఆడినచో, లోని కవాటములు అరిగినవని చెప్పవచ్చును.

మరియొక గురుతు గలదు. కొన్ని పంపులలో డీజిలు కడ్డీప్రక్కగా జారి ఇంజనునూనెలో కలియును. నూనె కొలతపుల్లపై మట్టము నానాటికి పెరుగుచు, డీజిలు వాసన వచ్చుచుండిన బండిని నడుపరాదు. పలుచబడిన నూనెతో ఇంజను బేరింగులు చెడును.

ఉప్పుగాలి చేయు హాని

మన తీరమున ఈ పరీక్షలలో నాల్గవదానికి విశేషమైన విలువ గలదు. సముద్రపుగాలి, చేపల పెట్టెలనుండి కారు ఉప్పునీరు, నౌపడా ఉప్పుమళ్ల దారిలోని ఉప్పుధూళి ఇనుపగొట్టములను తినివేయును. బిగింపుపట్టీల క్రింద తుప్పు కంటికి కనబడదు. టాంకీకిని ఫీడు పంపునకును నడుమ పంపు పీల్చుచుండును గనుక, ఆ భాగమున చిన్నరంధ్రమున్నచో డీజిలు బయటికి కారక, గాలియే లోనికి పోవును. నేలపై చుక్క పడకపోయినను బండి ఆగిపోవుటకు ఇది కారణము. చేపలు దింపిన ప్రతిదినము బండి అడుగుభాగమును మంచినీటితో కడిగినచో ఈ బాధ చాలవరకు తగ్గును.

మార్చు విధము

బండిని చదునైన చోట, ఆరుబయట నిలిపి, చక్రములకు రాళ్లడ్డు పెట్టి, ఇంజను పూర్తిగా చల్లారనిండు. బ్యాటరీ నెగటివు తీగె తీసివేయుడు. బీడీ, దీపము దగ్గరకు రానీయకుడు. డీజిలుకు మంటభయము లేదనుట పొరపాటు. మనదేశపు ప్రమాణము ప్రకారము 35 డిగ్రీలు దాటిన డీజిలు ఆవిరి మంట తగిలిన అంటుకొనవచ్చును. వేసవిలో మనయెండ ఆ మాత్రముండును. ప్రక్కన నీళ్లబానకు మారుగా ఇసుకబక్కెట్టు నుంచుడు. మండుచున్న డీజిలుపై నీరు పోసినచో మంట నీటిపై తేలుచు వ్యాపించును.

క్రొత్త పంపు తెచ్చునప్పుడు పాతదానిపై గల అంకెను చూపి తేవలెను. రెంటి కడ్డీలపొడవు సమానముగా నున్నదో లేదో ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవలెను.

పంపుచుట్టు నున్న మట్టిని కుంచెతో, కొంచెము డీజిలుతో కడిగిన పిదపనే విప్పవలెను. ఇసుకరేణువొక్కటి లోనికి పోయినను క్రొత్తకవాటము మూసికొనదు. గొట్టములలో నేది లోనికి, ఏది వెలుపలికి అని సుద్దతో గురుతులు పెట్టుడు. విప్పిన గొట్టముల చివరలను శుభ్రమైన గుడ్డతో మూయుడు. పంపును పట్టియుంచు నట్లను ఒక్కటొక్కటిగా పూర్తిగా తీయక, అన్నిటిని కొంచెము కొంచెముగా వదులుచేయుడు. లోపల స్ప్రింగు త్రోయుచుండును.

పాత గ్యాస్కెట్టు ముక్కలు ఇంజనులో పడకుండ జాగ్రత్తగా గీకి తీసి, క్రొత్తది వేయుడు. దానిపై పేస్టు దట్టముగా పూయరాదు. అది ముక్కలై కవాటములలో చిక్కుకొనును. క్రొత్త పంపు సరిగా కూర్చొననిచో బలవంతముగా బిగింపక, ఇంజనును చేతితో కొంచెము త్రిప్పినచో లోని ఉబ్బు ప్రక్కకు తొలగును. గొట్టముల బోల్టులకు ఇరుప్రక్కల రాగివాషరులు క్రొత్తవే వేయవలెను. పాతవి నొక్కుకొని గట్టిపడియుండుటచే గాలిని ఆపజాలవు.

గాలి తీయుట

పంపు బిగించుటతో పని ముగియదు. గొట్టములలోని గాలిని వెడలగొట్టవలెను. ఫిల్టరుపైనున్న గాలిమరను వదులుచేసి చేతిపంపు కొట్టుడు. మొదట నురుగు, తరువాత బుడగలు, పిమ్మట బుడగలేని డీజిలు వచ్చును. ఆ ధార వచ్చుచుండగనే మర బిగింపవలెను. ఇట్లే ఇంజక్షను పంపు మరకడను చేయుడు. తరువాత చేతిపంపు పిడిని మరల త్రిప్పి బంధింపుడు. బ్యాటరీ తీగె తగిలించి ఇంజను నడిపి, పదినిమిషములు గమనింపుడు. కారుచున్నదేమో చూచుటకు వ్రేలు పెట్టక, కాగితపు అట్ట నుపయోగింపుడు. పాతడీజిలును కాలువలో పారబోయకుడు.

ఇంటివద్ద చేయరాని పనులు

భారత్ స్టేజి 4 నియమములు 2017 ఏప్రిలు 1వ తేదీనుండియు, స్టేజి 6 నియమములు 2020 ఏప్రిలు 1వ తేదీనుండియు దేశమంతట అమలులోనికి వచ్చినవి. ఈ కాలపు డీజిలు బండ్లు కామన్ రైలు అను పద్ధతివి. వీనిలో ఒత్తిడి వాయుమండలపు ఒత్తిడికి 1600 రెట్లును దాటవచ్చును. ఇంజను నడుచుచుండగా వీని గొట్టముల నట్లు వదులుచేయుట ప్రాణాపాయకరము. సూదివంటి ఆ ధార చర్మమును చీల్చి మాంసములో చొచ్చును. మొదట నొప్పి అల్పముగా నున్నను లోపల కండ చచ్చును. అట్లు జరిగిన తక్షణమే ఆసుపత్రికి బోయి, ఒత్తిడిగల డీజిలు గ్రుచ్చుకొన్నదని వైద్యునితో స్పష్టముగా చెప్పవలెను. ఈ బండ్లలో నీరు తీయుట, ఫిల్టరు మార్చుట వరకే మన హద్దు. అదియును బండితో నిచ్చిన పుస్తకమును చూచి చేయవలెను.

పెట్రోలు చిన్నబండ్లలో పంపు టాంకీలోపలనే విద్యుచ్ఛక్తితో నడుచును. దానిని పెట్రోలే చల్లబరచును. టాంకీని ఎప్పుడును అడుగంటనిచ్చి నడుపువారి పంపు త్వరగా చెడును. పెట్రోలు ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకొనును గనుక, ఈ పంపును మార్చు పనిని కార్ఖానాకు విడుచుటయే క్షేమము.

సంఘము చేయదగినది

1904వ సంవత్సరమున మనదేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినప్పుడు, ఒక్కనికి దొరకని అప్పు పదిమందికి కలిసి దొరకుననుట దాని ఆశయము. పనిముట్లకును ఇదే సూత్రము వర్తించును. ఒక స్పానర్ల పెట్టె, కొన్ని రాగివాషరులు, ఊరిలో నెక్కువగా నున్న బండ్లకు సరిపడు ఫిల్టరులు, ఒక ఫీడు పంపు సంఘపు గిడ్డంగిలో నుంచినచో తుపానునాడు అవియే పదిబండ్లను నిలబెట్టగలవు. వాడుకొన్నవారు వెల చెల్లించి, మరల అదే వస్తువు తెప్పించి యుంచవలెను. ప్రతిబండిలో చిన్నపుస్తకముంచి, ఫిల్టరు మార్చిన తేదీ, అప్పటి కిలోమీటరులు వ్రాసికొనుట మరచిపోరాదు. కోతలు రాకముందే, బరువు లేని యొక నాడు, ఊరివారు కలిసి ఒక పాతబండిపై ఈ పని చేసి చూచుకొందురు గాక. అక్కరనాడు చేయి తడబడకుండుటకు అదియే మార్గము.