పాత పడవకు కొత్త మోటారు... లెక్క మనం చూడొద్దూ?

తిరువూరులో కూచుని పడవ మోటార్ల గురించి రాయడమేమిటని నవ్వుకుంటున్నారా? నిజమే, మా చుట్టుపక్కల మామిడి తోటలూ, పత్తి చేలే తప్ప సముద్రం కనిపించదు. కానీ 2022లో కృష్ణా జిల్లాను విడదీసి ఎన్టీఆర్ జిల్లా చేసేదాకా బందరు తీరం మా జిల్లాలోదే. అక్కడి గిలకలదిండి రేవులోనే కాదు, మన తీరం పొడవునా చేపల ఇళ్ళలో ఇప్పుడు తెగని ప్రశ్న ఒకటుంది. పాత పడవ గట్టిగానే ఉంది, మోటారు మాత్రం మొరాయిస్తోంది. కొత్తది కొనాలా, పాతదాన్నే బాగు చేయించుకోవాలా?

ఇది మగవాళ్ళ వ్యవహారం కదా అనకండి. మోటారు కొనాలంటే ముందు తాకట్టుకు వెళ్ళేది ఆడవాళ్ళ మెడలోదే. ఒడ్డున చేపను వేలంలో పట్టుకుని, గంపకెత్తి, అమ్మి, అప్పు తీర్చేదీ చాలా ఇళ్ళలో ఆవిడే. డబ్బు తెచ్చేటప్పుడు కావలసిన మనిషి, మోటారు ఎంచుకునేటప్పుడు మాత్రం అక్కర్లేదా?

అసలు తేడా ఏమిటి?

పడవ వెనక బల్లకు తగిలించే మోటారును ఔట్‌బోర్డ్ అంటారు. పాతవాటిలో ఎక్కువ టూ స్ట్రోకువి. మన నాన్నల కాలం స్కూటరు గుర్తుందా? పెట్రోలులో ఆయిలు కలిపి పోసేవాళ్ళు, వెనక నీలం పొగ వచ్చేది. ఇదీ అంతే. ఆ ఆయిలు ఇంధనంతో పాటే కాలిపోతుంది. పైగా కొంత ఇంధనం మండకుండానే పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. అంటే కొన్న పెట్రోలులో కొంత సముద్రం పాలే!

ఫోర్ స్ట్రోకులో ఆయిలు వేరే అరలో ఉంటుంది. ఇప్పటి మన స్కూటీల్లో లాగా అప్పుడప్పుడు మారిస్తే చాలు. ఇంధనం తక్కువ తాగుతుంది, పొగా రొదా తక్కువ. రోజంతా ఆ మోటారు పక్కనే కూచునే మనిషి చెవులకూ, ఊపిరితిత్తులకూ అది చిన్న మేలు కాదు.

లెక్క వేసి చూద్దాం. రోజుకు నాలుగు లీటర్లు మిగిలిందనుకోండి. లీటరు వంద రూపాయలనుకున్నా, నెలకు ఇరవై రోజుల వేటకు 8 వేలు. నిషేధం రెండు నెలలూ తీసేస్తే ఏడాదికి 80 వేలు. ఇది ఉదాహరణ మాత్రమే సుమా! మీ ఇంటి లెక్క కావాలంటే ఒక నెలపాటు పోసిన ప్రతి లీటరూ నోటుపుస్తకంలో రాయండి. పాల లెక్క రాసే చేతికి ఇదేం కష్టం?

కొనేముందు అడగవలసినవి

ఫోర్ స్ట్రోకు ధర ఎక్కువ. అదే శక్తిగల టూ స్ట్రోకు కన్నా సాధారణంగా బరువూ ఎక్కువే. కాబట్టి ముందు చూడవలసింది కొత్త మోటారును కాదు, పాత పడవను. వెనక బల్ల ఆ బరువు మోయగలదా? ఫైబరు పడవల్లో పైకి నున్నగా కనిపిస్తున్నా, లోపలి చెక్క నీరు పట్టి పుచ్చిపోయి ఉండవచ్చు. సుత్తితో తట్టి చూస్తే, గట్టి చోట ఖంగుమంటుంది, పుచ్చిన చోట బొద్దుగా పలుకుతుంది. అలా ఉంటే బల్ల బాగు చేయించాకే మోటారు మాట.

రెండోది, మోటారు కాడ పొడవు. బల్ల ఎత్తుకు సరిపోకపోతే పంకా గాలిని కొట్టుకుంటూ ఇంధనం మింగేస్తుంది. పంకాను కూడా వలా, మనుషులూ, చేపల బరువుతో నడిపి చూశాకే ఖాయం చేసుకోవాలి.

మూడోది, ఎక్కువ గుర్రాల మోజు. పక్కింటి వాళ్ళకన్నా పెద్దది కావాలనుకుంటే, బరువైన పడవ పెద్దగా వేగం పెంచదు గానీ ఖర్చు మాత్రం పెంచుతుంది. ఆ డబ్బుతో చిన్న మోటారు ఇంకొకటి దగ్గర పెట్టుకుంటే, ఒకటి మొరాయించినా మనిషి ఇంటికి వస్తాడు. అంతకన్నా మనకేం కావాలి?

తెచ్చాక సేవ తప్పదు. ఉప్పునీళ్ళలో తిరిగొచ్చిన మోటారును మంచినీళ్ళతో కడగాలి, లోపలి నీటిదారులతో సహా. మొదటి ఇరవై గంటల తర్వాత, ఆపైన వంద గంటలకోసారి ఆయిలు మార్చడం మామూలు పద్ధతి. భుజాన మోసుకొచ్చి పడుకోబెట్టేటప్పుడు పుస్తకంలో చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి. లేకపోతే ఆయిలు సిలిండరులోకి పోతుంది. ఊళ్ళో మెకానిక్కు ఉన్నాడా, సామాన్లు దగ్గర్లో దొరుకుతాయా అన్నది ధర కన్నా ముందు అడగాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మోటారు పడవలకు వేట నిషేధం. ఈ పనులన్నిటికీ అదే అదను. ఆ నిషేధపు రోజులకు రాష్ట్రప్రభుత్వం 2019 నుంచి 10 వేలు, 2025లో 20 వేలు భృతి ఇచ్చింది. అది ఇంటి బియ్యానికే గానీ మోటారుకు కాదు. కేంద్రం 2020లో తెచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో, లబ్ధిదారు పథకాలకు జనరల్ వర్గానికి 40 శాతం, మహిళలకు 60 శాతం సాయంగా పెట్టారు. ఇప్పుడు ఏయే వస్తువులకు ఇస్తున్నారో మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. డీజిలు నుంచి పెట్రోలుకు మారేవాళ్ళు, డీజిలు మీద వచ్చే రాయితీ ఏమవుతుందో కూడా ముందే తెలుసుకోవాలి. చేపలన్నీ తనకే పోయాలనే షరతుతో షావుకారు ఇచ్చే అప్పును మాత్రం ఒకటికి పదిసార్లు ఆలోచించండి. మోటారు మిగిల్చింది అతను తగ్గించే ధరలోనే పోతుంది.

ఇంకొక్క మాట. అమెరికాలో ఔట్‌బోర్డ్ మోటారును ఇంటింటి మాట చేసిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో వ్యాపారం మొదలుపెట్టినప్పుడు, లెక్కలూ, ఉత్తరాలూ, ప్రకటనలూ చూసుకున్నది ఆయన భార్య బెస్. యంత్రం ఆయనది, నడిపిన బుద్ధి ఇద్దరిదీ. మోటారు పుట్టిన ఇంట్లోనే ఆడదాని లెక్క అవసరమైతే, నగ తాకట్టు పెట్టి కొనే ఇంట్లో అక్కర్లేదంటారా? దుకాణానికి మీరూ వెళ్ళండి. బిల్లూ, వారంటీ కాగితమూ మీ పెట్టెలోనే పెట్టుకోండి.