నెట్ రాని బడికి పెన్‌డ్రైవ్: స్కూల్ గ్రాంట్ కింద అడగొచ్చు

మీ పిల్లలు చదివే సర్కారు బడిలో కంప్యూటర్లు ఉన్నా, నెట్ లేదని మూలన పెట్టేశారా? అయితే ఈ సమాచారం మీ కోసమే.

పిల్లల సాఫ్ట్‌వేర్ అంతటికీ నెట్ అక్కర్లేదు. నెట్ ఉన్నచోట ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే పని జరిగిపోయేవి చాలానే ఉన్నాయి. అవీ ఉచితంగా.

చిన్న తరగతులకు టక్స్ పెయింట్ ఉంది. 3 నుంచి 12 ఏళ్ల పిల్లలు బొమ్మలు గీసుకునేది, తెలుగులోనూ వాడుకోవచ్చు. విండోస్ కంప్యూటర్లకు దీని పోర్టబుల్ రకం దొరుకుతుంది. జిప్ ఫైల్ విప్పి పెన్‌డ్రైవ్‌లో పెడితే ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది. అంటే ల్యాబ్ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో వెతుక్కునే పని తప్పుతుంది. ఇది చిన్న విషయం కాదని టీచర్లకు తెలుసు!

హైస్కూల్ పిల్లలకైతే ఫెట్. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. తెర మీద బ్యాటరీ, వైరు, బల్బు కలిపితే బల్బు వెలుగుతుంది, వైరు తీస్తే ఆరిపోతుంది. సైన్స్ ల్యాబ్‌లో సామాను లేని బడికి ఇదెంత ఉపయోగమో చెప్పక్కర్లేదు. ఒక్కో ప్రయోగం ఒక్కో ఫైల్, మామూలు బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

కంప్యూటర్‌నే పెన్‌డ్రైవ్ నుంచి ఆన్ చేసే షుగర్ ఆన్ ఎ స్టిక్ లాంటివీ 2009 నుంచి ఉన్నాయి. దానికి కంప్యూటర్ సెట్టింగులు మార్చాలి కాబట్టి ముందు పై రెండిటితో మొదలుపెట్టడమే మేలు.

మరి డబ్బు? సమగ్ర శిక్ష పథకం కింద బడులకు ఏటా కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ ఉంటుంది. పథకం నిబంధనల ప్రకారం 30 మంది వరకు పిల్లలుంటే 10,000 రూపాయలు, 100 వరకు 25,000, 250 వరకు 50,000, 1000 వరకు 75,000, ఆపైన 1,00,000. ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు పెట్టాలి. బోధన సామగ్రి, పాడైన పరికరాల స్థానంలో కొత్తవి, కరెంటు, నెట్ ఖర్చులు ఈ గ్రాంట్ పరిధిలోవే. మూడు నాలుగు వందల పెన్‌డ్రైవ్‌ను బోధన సామగ్రి కింద అడగడానికి మొహమాటం ఎందుకు?

అడగాల్సింది స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశంలో. విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో మూడొంతుల మంది, అంటే నలుగురిలో ముగ్గురు, తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు. గ్రాంట్ ఎలా ఖర్చవుతోందో చూసే బాధ్యత కూడా కమిటీదే. మీరు సభ్యులు కాకపోతే మీ వీధిలో ఉన్న సభ్యురాలికి చెప్పండి, హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడి తీర్మానంలో రాయించమనండి.

"ఎడ్యుకేషన్ పెన్‌డ్రైవ్" అంటూ ఎవరైనా వేలకు వేలు అడిగితే, అందులో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో పేర్లు రాసిమ్మనండి. పైన చెప్పినవే అయితే వాటికి పైసా కట్టక్కర్లేదు.

ఇక వైరస్ సంగతి. బయటి జిరాక్స్ షాపులో పెట్టిన పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేయకుండా ల్యాబ్‌లో పెట్టనివ్వొద్దు. వీలైతే రెండు కొనమనండి. ఒకటి పిల్లల వాడకానికి, రెండోది అన్నీ కాపీ చేసి హెడ్‌మాస్టర్ బీరువాలో ఉంచడానికి.