యుద్ధనాయక పాత్ర – విశ్వసనీయత: పల్నాటి వీరగాథ ఆధారంగా పాత్రధారణ క్రీడల పరిశీలన

ఉపోద్ఘాతం

కొందరు మిత్రులు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రను స్వీకరించి, పాచికల సాయంతో ఒక కథను కలిసి నడిపించే ఆటలను రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు అంటారు. తెలుగులో వీటిని పాత్రధారణ క్రీడలు అనవచ్చు. వీటిలో విశేషంగా ప్రచారం పొందినది 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇందులో ప్రతి ఆటగాడూ యోధుడు, మాంత్రికుడు, పూజారి వంటి ఒక పాత్రవర్గాన్ని ఎంచుకుంటాడు. కత్తి పట్టినవాడి బలాన్నీ, మంత్రం తెలిసినవాడి బలాన్నీ నియమాల్లోకి తేవడం ఆట నిర్మాతలకు పెద్ద కష్టం కాలేదు. మంత్రం లేకుండా, కేవలం మాటతో పక్కవారి చేత యుద్ధం చేయించే నాయకుణ్ణి నమ్మదగినట్టు చిత్రించడమే కష్టమైంది. ఈ సమస్యకు పల్నాటి వీరగాథలో లభించే సమాధానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటతో మానే గాయం

2008లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగవ కూర్పులో ‘వార్‌లార్డ్’ అనే పాత్రవర్గం ఉంది. ఇతడు పూజారి వలె దైవశక్తిని పిలవడు. గాయపడిన తోటివాణ్ణి ఒక ఉత్తేజకరమైన మాటతో లేపి నిలబెడతాడు. ఆట లెక్కలో ఆ మాట వల్ల హిట్ పాయింట్లు పెరుగుతాయి. అరుపుకు గాయం ఎలా మానుతుందన్న ఆక్షేపణకు ఒక పాత సమాధానమే ఉంది. హిట్ పాయింట్లు శరీరానికి తగిలిన దెబ్బల లెక్క మాత్రమే కాదనీ, నేర్పు, అదృష్టం వంటివి కూడా అందులో కలిసి ఉంటాయనీ ఆట రూపకర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ 1979 నాటికే వివరించాడు. అలా చూస్తే వార్‌లార్డ్ మాన్పేది గాయాన్ని కాదు, సడలిన పట్టుదలను.

ఈ సమర్థన తర్కానికి నిలుస్తుంది. అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఎవరో ఒకరు అరిస్తే పడినవాడు లేవడు. ఫలానా మనిషి పిలిస్తే లేస్తాడు. ఆ ‘ఫలానా’తనం ఎక్కడి నుంచి వచ్చిందో నియమావళి చెప్పదు. పైగా, నాయకపాత్ర తీసుకున్నంత మాత్రాన ఆ ఆటగాడు జట్టుకు అధిపతి కానక్కరలేదని 2008 నాటి ఆటగాళ్ల పుస్తకమే స్పష్టం చేసింది. ఒక ఆటగాడు మరొకరిపై పెత్తనం చేయకుండా ఈ జాగ్రత్త అవసరమే. కాని దానివల్ల నాయకత్వం ఒక సంబంధంగా కాక, సంచిలో దాచుకున్న మందుగా మిగిలిపోయింది.

చాపకూడు: యుద్ధానికి ముందే జరిగిన పని

పల్నాటి యుద్ధం 12వ శతాబ్ది నాటిది. గురజాల నలగామరాజుకూ మాచర్ల మలిదేవరాజుకూ మధ్య దాయాదుల పోరుగా మొదలై, నాగులేటి ఒడ్డున కార్యమపూడి రణరంగంలో ముగిసింది. నేటి కారెంపూడే ఆ కార్యమపూడి. ఈ కథ శ్రీనాథుని పేరుతో ప్రసిద్ధమైన ద్విపద కావ్యంగానూ, వీరవిద్యావంతులు పాడే మౌఖిక గాథగానూ రెండు తోవల్లో నిలిచింది. ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో ప్రకటించగా, ఆలిసెట్టి గాలెయ్య గానం చేసిన మౌఖిక పాఠాన్ని ఆధారం చేసుకుని జీన్ రోఘేర్ 1982లో ఆంగ్లంలో అధ్యయన గ్రంథాన్ని వెలువరించాడు.

మలిదేవుని మంత్రి బ్రహ్మనాయుడు మౌఖిక గాథలో విష్ణువు అంశ. కనుక అతని మాటకున్న బలమంతా మహిమేనని తేల్చేయవచ్చు. ఆట పరిభాషలో పూజారి వర్గంలో చేర్చి ఊరుకోవచ్చు. కాని గాథ అంత సులువైన దారి పట్టలేదు. కులభేదం లేకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని భుజించే చాపకూడును అతనికి ఆపాదించింది. మాల కులస్థుడైన కన్నమదాసును అతడు కొడుకుగా స్వీకరించి సేనానిని చేశాడని చెప్పింది. అవతారపురుషుడికి ఇవన్నీ ఎందుకు? మహిమ ఒక్కటే చాలితే కథకులు ఈ ఘట్టాలను ఇన్ని తరాలు మోయవలసిన పని లేదు.

కన్నమదాసు రణరంగంలో తెగించడానికి కారణం ఆ క్షణంలో వినబడిన కేక కాదు. కలిసి తిన్న అన్నం, అందరి ఎదుటా దక్కిన స్థానం దానికి మూలాలు. ఆ స్థానం ఇవ్వడానికి బ్రహ్మనాయుడు తన వర్గం మర్యాదను పణంగా పెట్టవలసి వచ్చింది. అంటే నాయకుని మాటకు విలువ యుద్ధానికి ముందే, నాయకుని ఖర్చు మీద సమకూరింది. కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్యతో మొదలై అయిదు రోజులు సాగే వీరారాధనోత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు వరుసగా వస్తాయి. చాపకూడు మందపోరు నాడు, అంటే పోరాటాల నడుమనే జరుగుతుంది. సహపంక్తిని యుద్ధం నుంచి విడదీసి కేవలం సంస్కరణగా చదివే అలవాటు మనలో బలంగా ఉంది. ఉత్సవం మాత్రం ఆ రెంటినీ విడదీయలేదు.

ఎత్తిపొడుపు, ధిక్కారం, మూల్యం

బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుని కథ మరో మెలికను చూపుతుంది. పెద్దలు యుద్ధభూమికి వెళ్లగా అతడు ఊళ్లో బొంగరాలాడుతుంటాడు. బొంగరం తగిలి గాయపడిన కన్య అతణ్ణి ఎత్తిపొడుస్తుంది. యుద్ధానికి బయలుదేరిన కొడుకును కోడలైనా ఆపుతుందని తల్లి ఐతాంబ మాంచాల వద్దకు పంపితే, మాంచాల ఆపదు సరికదా, వీరపత్నిగా సాగనంపుతుంది. ఆయుధం పట్టని ఈ ఇద్దరు స్త్రీల మాటలు కథలో ఏ సేనాని కేకకూ తీసిపోవు. ఆటల్లో నాయకుని మాట ఎప్పుడూ ప్రోత్సాహమే. పల్నాటి మనిషిని కదిలించేది చాలాసార్లు ఎత్తిపొడుపు. అది పౌరుషాన్ని లేపుతుంది, వివేకాన్ని కూడా మింగేస్తుంది. ఒకే మాటకు ఈ రెండు ఫలితాలూ ఉండే నియమం ఆటలో ఉంటే పాత్రకు ప్రాణం వస్తుంది.

తర్వాతి ఘట్టం ధిక్కారానిది. కార్యమపూడిలో సంధి ప్రయత్నం సాగుతుండగా బాలచంద్రుడు వచ్చి దానిని నిండు సభలో నిరసిస్తాడు. అంతటి బ్రహ్మనాయుని మాట సొంత కొడుకు దగ్గరే చెల్లలేదు. అయినా శ్రోత దృష్టిలో తండ్రి నాయకత్వం తగ్గదు. మాట తిరస్కరించగల వీరులు వెంట ఉన్నారు కాబట్టే వారి విధేయతకు విలువ.

ఇక అనపోతు కథ. బాలచంద్రుని వెంట వేర్వేరు కులాలకు చెందిన సోదరవర్గం నడిచింది. వారిలో బ్రాహ్మణుడైన అనపోతును చావు నుంచి తప్పించాలని బాలచంద్రుడు ఒక నెపంతో వెనక్కు పంపుతాడు. సంగతి తెలిసిన అనపోతు ప్రాణాలు తీసుకుంటాడు. కాపాడాలనే ఇచ్చిన ఆజ్ఞ అది. కాని కలిసి చస్తామన్న ఒప్పందాన్ని, అందరూ సమానమన్న మాటను అది వమ్ము చేసింది. చాప మీద చెరిపేసిన భేదం రణరంగం అంచున మళ్లీ తలెత్తిందని ఈ ఘట్టాన్ని చదవడం సమంజసం.

నియమాల్లోకి తెచ్చేటప్పుడు

2014 నాటి అయిదవ కూర్పు ఆటగాళ్ల పుస్తకంలో వార్‌లార్డ్ ప్రత్యేక వర్గంగా లేదు. యోధుని శాఖల్లో ఒకటైన ‘బ్యాటిల్ మాస్టర్’కు కొన్ని నాయక లక్షణాలు దక్కాయి. వాటిలో ‘కమాండర్స్ స్ట్రైక్’ అనే ఎత్తుగడ గమనార్హం. నాయకుడు తన దెబ్బల్లో ఒకటి వదులుకుంటే, అతణ్ణి చూడగలిగిన లేదా వినగలిగిన తోటివాడు ఆ దెబ్బ వేస్తాడు. నాయకుడు ఏదో ఒకటి కోల్పోవాలన్న సూత్రం ఇక్కడ చిన్న రూపంలో ఉంది.

పల్నాటి గాథ ఈ సూత్రాన్ని ఇంకా వెనక్కు, యుద్ధానికి ముందటి దినాలకు తీసుకుపోతుంది. ఉదాహరణకు, నాయకపాత్రధారి ప్రతి సహచరునితోనూ ఏ బంధం ఏర్పరచుకున్నాడో, అందుకు ఏమి వదులుకున్నాడో ఆట మొదట్లోనే చెప్పాలి. రణరంగంలో అతని మాట ఆ బంధం ఉన్నవారికే పని చేయాలి. సహచరుడు కాదనవచ్చు, కాదంటే ఇద్దరికీ నష్టం ఉండాలి. ఆజ్ఞ వల్ల ఒకరు మరణిస్తే మిగిలినవారి బంధాలు యథాతథంగా ఉండకూడదు. పెత్తనం సమస్యా ఇందులోనే తీరుతుంది, ఎందుకంటే అధికారం ఇచ్చేదీ తీసుకునేదీ ఎదుటి ఆటగాడే. ప్రతిపక్షంలో నాయకురాలు నాగమ్మ పాత్రకు మాత్రం ఈ పద్ధతి చాలదు. ఆమె బలం పంక్తిభోజనంలో లేదు, కొలువులో ఉంది. రాజు నమ్మకమే ఆమె ఆయుధం. ఆ నమ్మకాన్ని కొలిచే నియమం వేరుగా రూపొందాలి.

పల్నాటి నేపథ్యంతో ఆట రూపొందించేవారికి మరో చిక్కు యుద్ధం ముగిశాక ఎదురవుతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో గెలిచిన పాత్రలకు అనుభవాంకాలు చేరి, స్థాయి పెరుగుతుంది. కార్యమపూడిలో కొడుకు, సేనాని, వీరులు నేలకొరిగాక బ్రహ్మనాయుడు మిగిలాడు. అతడు రాజ్యం కోరలేదు. గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని జనం నేటికీ చెప్పుకుంటారు.